మద్రాసు నుంచి రావలసిన నీడ

చీపురుపల్లి స్టేషను వెనక వీధికి వెళ్ళి భారతి ఇల్లెక్కడని అడిగితే, "అటుకుల మిల్లు భారతేనా?" అని ఎదురు అడుగుతారు. మిల్లులో జల్లెడ పట్టే పని ఆమెది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలూ చెవి పక్క వెంట్రుకలూ తెల్లటి పొడితో నెరిసిపోయినట్టుంటాయి. కూతురు రేఖ ఆ పొడిని వేలితో తుడిచి, "ఇప్పుడు మల్లీ అమ్మవైపోనావు," అంటుంది. తుడవకముందు నాయనమ్మ అని దాని లెక్క.

భర్త త్రినాథ్ మద్రాసులో సెంట్రింగు పని చేస్తాడు. శ్లాబు పోసే ముందు కింద చెక్కలు కట్టి, ఊచలు పేర్చే పని. ఏడాదికోసారి పైడితల్లమ్మ పండక్కి వచ్చి, ఆ ప్రయాణపు అలసట తీరీతీరకుండానే మళ్ళీ రైలెక్కుతాడు. భారతికి అతను మేనత్త కొడుకే. చిన్నప్పుడు ఒకే కంచంలో చేయి పెట్టినవాడు. ఎరిగినవాణ్ణి చేసుకుంటే దూరమన్న మాట ఉండదని పెళ్ళినాడు అందరూ అన్నారు. అన్నవాళ్ళెవరూ మద్రాసు సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

పెళ్ళైన కొత్తలో అతను పని కబుర్లు చెబుతుంటే ఆమె చెంపకు చేయి ఆన్చుకుని వినేది.

"సిమెంటు ఎండి గట్టిపడతాదనుకుంతన్నావా? కాదే పిల్లా. నీళ్ళు తాగి గట్టిపడతాది. నీళ్ళలో ముంచినా గట్టిపడతాది," అన్నాడొకసారి.

"సాల్లే బావ, ఎవులైనా వింటే నవ్విపోతారు."

అతను ఊరుకోలేదు. కొబ్బరి చిప్పలో సిమెంటు ముద్ద పెట్టి, గోలెం నీళ్ళలో ముంచి, మర్నాడు తీసి అరుగుకేసి కొట్టాడు. చిప్ప ముక్కలైంది గాని ముద్ద చెక్కు చెదరలేదు. ఆ ముద్దను భారతి చాలాకాలం తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పెట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్య సరసమంటే అదే. ఒకరికి తెలియని సంగతి ఇంకొకరు తేవడం, అవునా కాదా అని వాదించుకోవడం, చివరికి చేసి చూసుకోవడం.

ఇప్పుడు ఫోను వస్తుంది. వస్తుంది గాని, "గేసు వచ్చిందా?" అంటాడు. "వచ్చింది." "పిల్లకి దగ్గు తగ్గిందా?" "తగ్గింది." "అమ్మ తింతన్నాదా?" "తింతన్నాది." "ఊఁ." ఆ ఊఁ తరవాత ఇంకేమీ ఉండదు. అది కోపం కాదని, ఎండలో నిలబడి నిలబడి వచ్చిన అలసటని భారతికి తెలుసు. తెలిసినంత మాత్రాన ఆకలి తీరదు కదా.

జ్ఞానానందం మాస్టారు లేకపోతే ఆ ఆకలికి పేరుందని కూడా ఆమెకు తెలిసేది కాదేమో. ఆయన సైన్సు మాస్టారుగా రిటైరై, బాప్టిస్టు చర్చి ఆవరణలో ఆదివారాలు ఆరాధన అయ్యాక సైన్సు సంగతులు చేసి చూసుకునే ఒక ముచ్చట మొదలుపెట్టారు. ఏ వీధి పిల్లలైనా, ఏ దేవుణ్ణి మొక్కే పిల్లలైనా రావచ్చు. ఒక్కటే షరతు. పిల్లలు ఒంటరిగా రాకూడదు, ఇంటి నుంచి పెద్దవాళ్ళొకరు తోడు రావాలి. వచ్చి గోడకానుకుని కూర్చుంటే కుదరదు, పిల్లలతోపాటు తామూ చెయ్యాలి. రేఖకు తోడుగా భారతి వెళ్ళింది. మొదటి వారం మొహమాటపడింది. రెండో వారం నుంచి రేఖ కన్నా ముందే చెప్పులు తొడుక్కునేది.

ఆనప పాదు కొమ్మకు ప్లాస్టిక్ సంచి కట్టి, మధ్యాహ్నానికి సంచి లోపల నీటిబొట్లు పట్టడం చూశారు. చీమల బారుకు అడ్డంగా నేల మీద వేలితో గట్టిగా రుద్దితే, చీమలు అక్కడికొచ్చి దారి తప్పి గింగిరాలు తిరగడం చూశారు. ఆ రోజు భారతి ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చింది. సాయంత్రం ఫోను రాగానే, "బావ, సీమలు దారి కంటితో సూడవంట. నేల మీద వాసన..." అని అందుకుంది.

"రేపు సెప్పీ. ఒల్లు ఇరిగిపోతన్నాది," అన్నాడు త్రినాథ్.

రేపు గేసు గురించి, దగ్గు గురించీ సరిపోయింది. చీమలు భారతి దగ్గరే ఉండిపోయాయి.

మే నెల మొదట్లో మాస్టారు కొత్త సంగతి తెచ్చారు. ఏడాదికి రెండుసార్లు మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకొస్తాడని, ఆ క్షణాన నిలువుగా ఉన్న దేనికీ పక్కకి నీడ పడదని, ఈసారి అది బుధవారం నాడని చెప్పారు. అంతటితో ఆగలేదు.

"ఇక్కడ నీడ సున్నా అయిన రోజునే, దక్షిణాన దూరంగా ఉన్న ఊళ్ళో కూడా మిట్టమధ్యాహ్నం ఒక కర్ర నీడ కొలిస్తే, ఆ రెండూళ్ళ మధ్య దూరం మనకి తెలుసు గనక, మొత్తం భూమి చుట్టుకొలత మనమే లెక్క కట్టీవచ్చు. ఎవులికైనా దక్షిణం పక్క మనుషులున్నారా?"

భారతి చెయ్యి పైకి లేచింది. లేచాక గాని తానే ఎత్తానని ఆమెకు తెలియలేదు. "మా బావ మద్రాసులో ఉన్నాడు. కొలుస్తాడు."

ఆ సాయంత్రం ఫోనులో గేసు మాట రాకముందే అందుకుంది.

"బావ, బుదవారం మిట్టమజ్జానం నువ్వొక ఊచ నిలబెట్టి దాని నీడ కొలవాల."

"ఏటి?"

"నీడ. ఊచ నీడ."

"ఎండకి తలకాయి గాని తిరిగిందేటే నీకు?"

"తిరగనేదు. భూమి ఎంతుందో లెక్క కడతన్నాం. ఇక్కడ నాను, అక్కడ నువ్వు."

అవతల నవ్వు. "పని టైములో నీడలు కొలుస్తా కూకుంటే సూపర్వైజరు నా ఈపు కొలుస్తాడు. తిండికి ఒదిల్తేనే గాని కదల్నీడు."

"ఒక్క నిమసం బావ."

"సూస్తాను."

సూస్తాను అంటే చేస్తానని కాదు, చెయ్యనని కూడా కాదు. ఆ రెంటి మధ్య సందులో భారతి బుధవారం దాకా బతికింది.

ఊరికి చాటింపు వేసే పని ఆటో ధనరాజుకు అప్పజెప్పారు మాస్టారు. ధనరాజుకు వివరం తక్కువ, గొంతు ఎక్కువ. ఆటోకి మైకు కట్టి వీధి వీధీ తిరుగుతూ, "బుదవారం మిట్టమజ్జానం మన ఊళ్ళో నీడలు మాయమైపోతాయి! పిల్లా జెల్లా అందరూ చర్చి కాడికి బేగి రావాల!" అని అరిచాడు. అరిచి, భారతి గుమ్మం ముందు ఆటో ఆపాడు.

"వదినా, త్రినాథన్న ఫోనెత్తడమే గగనం. నీడ కొలిసి పంపుతాడేటి?"

"పంపుతాడు. నీ ఆటో స్టార్టవుతాదన్న నమ్మకం కన్నా మా బావ మీద నమ్మకం నాకెక్కువ," అంది భారతి. అంది గాని లోపలికొచ్చి నీళ్ళు తాగింది.

బుధవారం పొద్దున్న లేచి చూస్తే పొయ్యి వెలగలేదు. అత్త జగ్గమ్మ తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, కొత్త ఆవకాయ జాడీ మీద గరిక పోచలు వేస్తోంది. పెరుగు ముంత మీద గరిక. మంచినీళ్ళ బిందె మీద గరిక.

"అత్తా, ఏటిది?"

"గ్రానం కదే. వండిందేటీ ఉంచకూడదు. పిల్లని బయటికి రానీకు."

"గ్రహణం కాదు అత్తా."

"నీడలు పోతాయని మైకులో సెప్పినాడా నేదా?"

"సెప్పినాడు."

"సూరీడికేటీ కాకండా నీడలెలగ పోతాయే?"

భారతి దగ్గర జవాబు ఉంది గాని జగ్గమ్మ దగ్గర వినే ఓపిక లేదు. వీధి గుమ్మంలోకి వెళ్ళి చూస్తే ఒక్క ఇంట్లోనూ పొగ లేదు. స్టేషను పక్క గట్టు మీద ఆ పొద్దు గరిక మిగల్లేదని తరవాత చెప్పుకున్నారు.

ఎండ బాగా ముదిరాక చర్చి ఆవరణలోకి జనం వచ్చారు. కృత్తిక కార్తె ఎండ, కాళ్ళ కింద సిమెంటు గచ్చు పెనంలా ఉంది. మాస్టారు బకెట్లో ఇసక పోసి, మధ్యలో ఒక ప్లాస్టిక్ గొట్టం పాతారు. అది ఎంత సరిచేసినా ఒక పక్కకి వాలుతోంది. అంతలో గేటు దగ్గర కలకలం. స్టేషను వెనక వీధి ఆడవాళ్ళంతా వరసగా వస్తున్నారు. ముందు జగ్గమ్మ. ఆమె భుజం మీద రోకలి, వెనకావిడ చేతిలో ఇత్తడి పళ్ళెం, ఆ వెనకావిడ చేతిలో నీళ్ళ చెంబు. గ్రహణం పట్టిందో లేదో తెలియాలంటే పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టడం ఈ పక్క రివాజు. పట్టు ఉన్నంతసేపూ రోకలి తనంతట తాను నిలబడుతుందని, విడిచిన వెంటనే పడిపోతుందని నమ్మకం.

భారతికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అందరి ముందూ మాస్టారు ఏమంటారోనని ఆయన మొహం చూసింది. ఆయన రోకలిని కింద నుంచి పైదాకా చూస్తున్నారు. చూసి, తన గొట్టాన్ని ఇసకలోంచి పీకి గోడ వార పడేశారు.

"జగ్గమ్మప్పా, దాన్ని ఇలగ మధ్యలో నిలబెడతారేటి? మీ పళ్ళెంలో నీళ్ళున్నాయి గనక గచ్చు వాలుగా ఉన్నాదో నేదో కూడా తెలిసిపోతాది. దీనికన్నా మంచి సామాను నా కాడ లేదు."

జగ్గమ్మ పళ్ళెం పెట్టించి, నీళ్ళు పోయించి, రోకలిని రెండు చేతులా పట్టుకుని మెల్లగా వదిలింది. నిలబడింది.

"పట్టింది!" అంది.

"ఇంకా కొంచెం ఉన్నాదప్పా. నీడని సూడండి," అన్నారు మాస్టారు.

రోకలి నీడ అప్పటికే బెత్తెడయింది. రేఖ ఆ నీడ కొసకి సుద్దముక్కతో గీత గీసి చెయ్యి తీసేలోపు నీడ గీత దాటి లోపలికి జరిగింది. ఇంకో గీత గీస్తే దాన్నీ దాటింది. పిల్లలు మోకాళ్ళ మీద వంగారు, తల్లులు పిల్లల మీద వంగారు, ధనరాజు అందరి మీదా వంగాడు. నీడ వేలెడైంది. గోరంతైంది. రోకలి అడుగుకు చేరి, దాని కిందకి దూరిపోయింది.

"ఒలమ్మ! పోనాదే!" అంది జగ్గమ్మ.

రోకలికి నీడ లేదు. పిల్లలు గెంతితే నీడలు వాళ్ళ కాళ్ళ కిందే గుండ్రంగా నల్లటి చాపల్లా పడ్డాయి. రేఖ గెంతుతూ తన చాప మీద తనే దిగుతోంది. భారతి నవ్వింది. నవ్వుతూనే చేతిలో ఫోను తిప్పి చూసుకుంది.

కాసేపటికి నీడ రెండో పక్క నుంచి సన్నగా తొంగిచూసింది. "ఇడిసీసింది," అంది జగ్గమ్మ. అని, రోకలి పడడం కోసం నిలబడింది. అది పడలేదు. అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది. "మాస్టారూ, పడదేటిది?"

"అదే తమాషా అప్పా. ఏ గ్రహణమూ లేనప్పుడు రేపు కూడా నిలబెట్టి సూడండి. ఎల్లుండీ సూడండి. వచ్చే ఆదివారం మీరే మాకు సెప్పాల ఏటయ్యిందో."

జగ్గమ్మ రోకలి భుజానికెత్తుకునేటప్పుడు దాన్ని కొత్త కోడల్ని చూసినట్టు చూసింది.

మాస్టారు బల్ల మీద 'చీపురుపల్లి - సున్నా' అని రాసి, కింద 'మద్రాసు' అని రాసి ఆపారు. భారతి దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. "మద్రాసు మనకి దక్షిణమే కాదమ్మా, కొంచెం పడమట కూడా. అక్కడ మిట్టమధ్యాహ్నం మనకన్నా కాస్త ఆలస్యం. ఓ ఎసరు మరిగేంతసేపు. టైముంది."

భారతి వరండాలో కూర్చుంది. సూర్యుడు తన నెత్తి మీద నుంచి దిగి అతని వైపు నడుస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు ఏ ఊరి మీద ఉన్నాడో, ఏ ఏరు దాటుతున్నాడో.

"అక్కడ కూడా నీడ పోయే రోజు వస్తాదా మాస్టారూ?" అని అడిగింది.

"వచ్చీసింది. కిందటి నెల ఆఖర్లోనే. అక్కణ్ణించి రోజుకింత ఉత్తరానికి జరుగుతా జరుగుతా ఇయాల మనకాడికొచ్చాడు. ఇంకా పైకెళ్ళి, మల్లీ తిరిగొస్తాడు. జులై ఆఖర్న ముందు మన నెత్తి మీదకి, తరవాత ఆగస్టులో మద్రాసు మీదకి."

భారతి ఆ మాటను నోట్లో బెల్లంముక్కలా కాసేపు ఉంచుకుంది. అతని నెత్తి మీదుగానే వచ్చాడు ఇక్కడికి. దారి తెలియనివాడెవడూ లేడన్నమాట, రాలేనివాళ్ళే ఉన్నారు.

ఎసరు మరిగేంతసేపు గడిచింది. అన్నం ఉడికేంతసేపు గడిచింది. ఫోను మోగలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. గ్రహణం కాదని తేలాక ఆడవాళ్ళు పొయ్యిలు వెలిగించుకోవడానికి ఇళ్ళకు పోయారు. ధనరాజు వెళ్తూ వెళ్తూ ఏదో అనబోయి, భారతి మొహం చూసి, "ఎండగా ఉన్నాది వదినా, లోపలికి కూకో," అని మాత్రం అన్నాడు. అతను వేళాకోళం చేసినా బాగుండుననిపించింది ఆమెకు. బల్ల మీద మద్రాసు పక్కన ఖాళీ అలాగే ఉంది. మాస్టారు ఆ ఖాళీ వైపు చూడకుండా బకెట్లో ఇసక కుప్పపోశారు, గచ్చు మీద సుద్ద గీతలు కడిగారు, కడిగినచోటే మళ్ళీ కడిగారు.

ఒంటిగంట దాటాక ఫోను మోగింది.

"ఇప్పుడే తిండికి ఒదిలినారు," అన్నాడు త్రినాథ్, రొప్పుతూ. "పై అంతస్తు నుంచి లగెత్తుకొచ్చినాను. ఊచ నిలబెట్టినాను. తాడుకి రాయి కట్టి వంకర నేకండా సూసినాను. ఊచ మూడడుగులు. నీడ రాసుకో." టేపు చూసి చెప్పాడు.

భారతి మాస్టారుకి చెప్పింది. ఆయన చిత్తుకాగితం మీద లెక్క కట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఊచ బాగా నిలబెట్టాడమ్మా. కొలత కూడా సరిగ్గానే కొలిసుంటాడు. వేళ తప్పింది. పొద్దు వాలిపోయాక నీడ సాగిపోతాది. ఈ లెక్కన భూమి ఉన్నదాంట్లో మూడో వంతుకి కుంచించుకుపోతన్నాది."

భారతి ఫోను మళ్ళీ చెవికి ఆన్చుకుంది. బాగుంది బావ, సరిపోయింది అని ఒక్కమాట అంటే చాలు. అతను సంతోషంగా తిండికి వెళ్తాడు. కాని కొబ్బరి చిప్ప పగిలిన నాటి నుంచీ వాళ్ళిద్దరి మధ్య ఆ రకం అబద్ధం లేదు.

"బావ, నీడ పనికిరాదు."

"ఏఁ?"

"మజ్జానం దాటిపోనాది. ఆలీసమైపోనాది."

అవతల ఎవరో గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు. 'ఊఁ' అని పెట్టేస్తాడనుకుని భారతి కళ్ళు మూసుకుంది.

"అయితే వేళకి కొలిస్తే ఎంతుండాల?" అన్నాడు త్రినాథ్.

"బెత్తెడు కూడా ఉండదంట. దక్షిణం పక్కకి పడాల."

"నాకు తూరుపుకి పడ్డాది. సముద్రం ఏపు." ఆగాడు. "అవును గదే. సూరీడు పడమటికి దిగితే నీడ తూరుపుకే కదా పోతాది. నాను ఆలోసించనేదు. మరి ఆ నీడ నేని రోజు మాకు రాదేటి?"

"వచ్చీసింది బావ. పోయిన నెల. నీ నెత్తిమీంచే ఇక్కడికొచ్చినాడు."

"నాకు తెలీనే నేదు. ఆ ఎండలోనే ఉన్నాను నాను." అతని గొంతు తగ్గింది. "కిందికి సూసుంటే తెలిసును."

"జులై ఆఖర్న మల్లీ వస్తాడంట. ముందు నాకాడికి, తరవాత నీకాడికి."

"ఎన్నాళ్ళు పడతాది నీకాణ్ణించి నాకాడికి?"

"పక్షం పైనే."

త్రినాథ్ చిన్నగా నవ్వాడు. "రైలుకైతే ఒక్క రాత్రే."

ఆ మాట అతనే అన్నాడు. ఆమె అడగలేదు. అడిగితే విరిగిపోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా వదిలింది. తిన్నావా అని అడగాలని అప్పుడు గుర్తొచ్చింది.

"నీడలు కొలుస్తా ఉంటే ఏటి తింతాను? ఇంతకీ సీమల సంగతి ఏటో అన్నావు అప్పుడు. వాసనో ఏటో. సెప్పీ."

భారతి చెప్పింది. నేల మీద వేలితో రుద్దడం, చీమలు గింగిరాలు తిరగడం, ఒక్క చీమ మాత్రం అటూ ఇటూ వెతికి దాటిపోయి అవతలి దారి అందుకోవడం, అది దాటాక మిగిలినవన్నీ దాని వెనక పోవడం. అతను మధ్యలో వాదించాడు. ఈతాకుతో తుడిస్తే ఏటవుతాదన్నాడు. నీళ్ళు పోస్తేనో అన్నాడు. ఆమె అది చేసి చూడలేదని ఒప్పుకుంది. "మరి సెయ్యాల కదే," అన్నాడు, పాత గొంతుతో.

అవతల ఎవరో అరవంలో కేకేశారు. "ఉండు," అన్నాడు త్రినాథ్.

గుడ్డకి ఫోను రాసుకున్న చప్పుడు, మెట్లెక్కుతున్న చప్పుడు. తరవాత గాలి. లైను తెగలేదు. కట్ చేయడం మరిచిపోయాడో, చేయబుద్ధి కాలేదో. భారతి కూడా ఎర్ర గుర్తు మీద వేలు పెట్టలేదు. చెక్క మీద చెక్క పడింది. సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. రెండు గట్టివి, ఒకటి మెల్లది, మళ్ళీ రెండు గట్టివి. మధ్యలో ఎవరితోనో అతను ఆమెకు తెలియని భాషలో ఏదో అన్నాడు, వాళ్ళు నవ్వారు.

పళ్ళెం మరిచిపోయానని తిరిగొచ్చిన జగ్గమ్మ వరండా మెట్టెక్కి, కోడలు మాట్లాడకుండా ఫోను పట్టుకుని కూర్చోవడం చూసింది.

"ఎవులే?"

భారతి ఫోను అత్త చెవి దగ్గర పెట్టింది. జగ్గమ్మ కనుబొమలు ముడేసి విన్నది.

"ఎవుడో మేకులు కొడతన్నాడు."

"మీ అబ్బాయే అత్తా."

జగ్గమ్మ మెట్టు మీద చతికిలబడింది. కొంగు తీసి రెండో చెవి మూసుకుంది.

"మాట్లాడకే," అంది. "ఇననీ."